ఒకే ఫ్యూజు మీద నాలుగు మెషీన్లు నడపొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బట్టలుతికే గదిలో గోడకు ఒకటే కనెక్షన్ ఉంది, దానికి 13 ఆంప్స్ ఫ్యూజు. అక్కడి నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసి వాషింగ్ మెషీన్ (2200 వాట్లు), డ్రయ్యర్ (2400), చిన్న ఫ్రిజ్ (150), మైక్రోవేవ్ (1250) నాలుగూ నడుపుతున్నారు. ఆర్నెల్లలో ఫ్యూజు రెండుసార్లే పోయింది, మిగతా రోజులు బాగానే నడుస్తోంది. 20 ఆంప్స్ ఫ్యూజు వేసేస్తే ఆ రెండుసార్ల గొడవ కూడా ఉండదు కదా, అని.

వేయకండి. ముందు ఆ మాట, తర్వాతే మిగతావి.

రెండో మాట మీకు వింతగా అనిపించొచ్చు. ఫ్యూజు పోయిన ఆ రెండు రోజుల గురించి నాకు దిగులు లేదు. ఆ రోజుల్లో అది చేయాల్సిన పని చేసింది. ఫ్యూజు పోకుండా "బాగానే నడిచిన" రోజుల గురించే నా భయమంతా. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి. ఇరవై ఏళ్లకు పైగా ఇళ్లలో వైరింగ్ పని చేశాను. కాలిపోయిన సాకెట్లు ఎన్ని విప్పానో లెక్కలేదు. వాటిలో చాలాచోట్ల ఫ్యూజు చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

ఫ్యూజు మీ మెషీన్లను కాపాడటానికి పెట్టింది అని చాలామంది అనుకుంటారు. కాదు. అది కాపాడేది దాని తర్వాత గోడలోంచి పోయే వైరును. వైరులో కరెంటు ఎక్కువైతే వైరు వేడెక్కుతుంది, వేడెక్కితే పైనున్న పీవీసీ తొడుగు మెత్తబడుతుంది, కొన్నాళ్లకు పెళుసుబారి రాలిపోతుంది. మామూలు పీవీసీ వైరు లోపలి రాగి 70 డిగ్రీలు దాటకూడదన్న లెక్క మీదే దాని సైజులు, ఆంప్స్ పట్టికలు తయారుచేశారు. అందుకే ఫ్యూజు తర్వాత ఉన్నవాటిలో అన్నిటికంటే సన్నటిది ఏదో, అన్నిటికంటే బలహీనమైనది ఏదో, దాన్ని చూసి ఫ్యూజు సైజు నిర్ణయిస్తారు. అది గోడలో వైరు కావచ్చు, సాకెట్ కావచ్చు, మీ ఎక్స్‌టెన్షన్ బోర్డు తీగ కావచ్చు. మీరు 20 వేస్తే ఫ్యూజు ఒక్కటే మారుతుంది. వైరు పాతదే, సాకెట్ పాతదే, ప్లగ్గు పాతదే. కాపలావాణ్ణి పిలిచి "ఇకమీదట చిన్న చిన్న దొంగతనాలు చూసీ చూడనట్టు వదిలెయ్" అని చెప్పినట్టు ఉంటుంది.

ఇప్పుడు లెక్క. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. 230 వోల్టుల సరఫరాలో 13 ఆంప్స్ అంటే 2990 వాట్లు. సులువుగా మూడు వేలు అని గుర్తుపెట్టుకోండి. మీ నాలుగూ కలిపితే 2200, 2400, 150, 1250 మొత్తం 6000 వాట్లు. అంటే 26 ఆంప్స్. ఫ్యూజు మీద రాసిన దానికి సరిగ్గా రెట్టింపు. అయినా ఆర్నెల్లలో రెండుసార్లే పోయిందంటే కారణం, నాలుగూ ఒకేసారి పూర్తి లోడు మీద ఉండటం అరుదు కాబట్టి. మైక్రోవేవ్ పది నిమిషాలే నడుస్తుంది. వాషింగ్ మెషీన్‌కు 2200 వాట్లు నీళ్లు వేడిచేసే మొదటి పదిహేను ఇరవై నిమిషాలే. ఆ తర్వాత మోటారు మాత్రమే తిరుగుతుంది, అది మూడు నాలుగు వందల వాట్లు. ఫ్రిజ్ కంప్రెసర్ కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడే అసలు చిక్కు.

13 ఆంప్స్ అని రాసి ఉన్న ఫ్యూజు 13 దాటగానే పోతుందని అనుకుంటాం. పోదు. ప్లగ్గుల్లో, ఇలాంటి గోడ కనెక్షన్లలో వాడే 13 ఆంప్స్ కాట్రిడ్జ్ ఫ్యూజును (చిన్న గొట్టంలా ఉండేది) బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 1362 ప్రకారం తయారుచేస్తారు. ఆ ప్రమాణం ఫ్యూజును అడిగేది ఏమిటంటే, రాసిన దానికి 1.6 రెట్ల కరెంటు పోతున్నా అరగంట వరకు తెగకుండా నిలబడాలి, 1.9 రెట్లు పోతే అరగంట లోపు తెగిపోవాలి. లెక్కవేస్తే 20.8 ఆంప్స్ దాకా అది కదలకపోవచ్చు, 24.7 దగ్గర తప్పక పోవాలి. ఫ్యూజు నాసిరకంది కాబట్టి ఇలా అని అనుకోకండి, మంచి ఫ్యూజు తీరే అది. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్క క్షణం కరెంటు అయిదారు రెట్లు లాగుతుంది, దానికల్లా ఫ్యూజు పోతే ఇంట్లో ఏదీ నడవదు. ఆ ఓర్పు దానికి కావాలనే ఇచ్చారు.

ఇప్పుడు మీ మెషీన్లను ఆ అంకెల పక్కన పెట్టి చూడండి. వాషింగ్ మెషీన్ నీళ్లు వేడిచేస్తూ, పక్కన డ్రయ్యర్ కూడా తిరుగుతూ ఉంటే 4600 వాట్లు, అంటే 20 ఆంప్స్. ఫ్యూజు నోరు మెదపని చోటే సరిగ్గా మీ లోడు కూర్చుంది. అది అలా పదిహేను ఇరవై నిమిషాలు పోతుంది, తర్వాత వాషింగ్ మెషీన్ హీటర్ ఆగిపోతుంది, లోడు దిగిపోతుంది, ఫ్యూజు కాస్త చల్లబడుతుంది. మీకు ఏమీ జరిగినట్టు తెలియదు. ఏ రోజైతే ఆ రెండూ నడుస్తుండగా ఎవరో మైక్రోవేవ్ కూడా ఆన్ చేశారో, ఆ రోజు 5850 వాట్లు, 25.4 ఆంప్స్ అయింది, ఫ్యూజు పోయింది. నా అంచనా, మీ రెండుసార్లూ ఇదే కథ. అంటే ఆర్నెల్లుగా వారానికి రెండు మూడుసార్లు మీ సాకెట్ 20 ఆంప్స్ మోస్తోంది. 13 మోయడానికి చేసిన సాకెట్ అది.

వైరు సంగతి కాసేపు పక్కన పెడదాం. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేసి ఉంటే 20 ఆంప్స్‌కు అది వెంటనే చెడిపోదు. ముందు చెడేవి అతుకులు. ప్లగ్గు పిన్ను సాకెట్ లోపలి రేకును పట్టుకునే చోటు, స్క్రూ కింద వైరు బిగించిన చోటు, ఫ్యూజు రెండు చివర్లు క్లిప్పుల్లో కూర్చున్న చోటు. ఈ చోట్ల చిన్న నిరోధం ఉంటుంది. కొత్తగా, బిగుతుగా ఉన్నప్పుడు లెక్కలోకి రానంత. రేకు కాస్త వదులైతే, తుప్పు పడితే, అది 0.05 ఓమ్‌లు అయిందనుకోండి. 10 ఆంప్స్ దగ్గర అక్కడ పుట్టే వేడి 5 వాట్లు. కరెంటు రెట్టింపై 20 ఆంప్స్ అయితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: 20 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది, దాంతో సీసం కరిగిస్తాం. అలాంటిది ఒక ప్లాస్టిక్ డబ్బా లోపల, గాలి ఆడని చోట, పప్పుగింజంత రేకు మీద పని చేస్తోందని ఊహించుకోండి. వేడికి రేకు బిగుతు ఇంకా తగ్గుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, దాంతో వేడి మళ్లీ పెరుగుతుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు లైనులో పోయే కరెంటు ఏమీ పెరగదు కాబట్టి ఫ్యూజుకు కబురే అందదు. లూజ్ కాంటాక్ట్ వల్ల వచ్చే మంటను ఏ ఫ్యూజూ ఆపలేదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

కాబట్టి నేను ఎవరికైనా చెప్పే సూత్రం ఒకటే. ప్లగ్గులు లెక్కపెట్టకండి, వేడి పుట్టించేవి లెక్కపెట్టండి. ఒక ఫ్యూజు మీద ఒక సమయంలో వేడి పుట్టించేది ఒక్కటే నడవాలి. ఇస్త్రీపెట్టె, కెటిల్, గీజర్, రూమ్ హీటర్, ఇండక్షన్ స్టవ్, టోస్టర్, హెయిర్ డ్రయ్యర్, ఓవెన్, నీళ్లు వేడిచేసుకునే వాషింగ్ మెషీన్, ఇవన్నీ ఆ జాబితాలోవే. సుమారు వెయ్యి వాట్ల నుంచి మూడు వేల దాకా ఉంటాయి. ఫోన్ ఛార్జర్లు, రౌటర్, టీవీ, ఎల్ఈడీ లైట్లు పది కలిపినా ఒక ఇస్త్రీపెట్టెలో పావు వంతు రావు. "ఒకే బోర్డుకు ఎనిమిది ప్లగ్గులు పెట్టారు" అని కంప్యూటర్ బల్ల చూసి భయపడేవాళ్లు, వంటింట్లో కెటిల్, టోస్టర్ రెండే కదా అని ధీమాగా ఉంటారు. భయపడాల్సింది ఆ రెండింటిని చూసి.

మైక్రోవేవ్ దగ్గర ఒక చిన్న మోసం ఉంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 800 వాట్లు అని ఉంటుంది. అది తిండిని వేడిచేసే శక్తి. గోడ నుంచి లాగేది 1200, 1300 వాట్ల దాకా ఉంటుంది, వెనక అతికించిన రేటింగ్ ప్లేటు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరు 1250 అని రాశారు కాబట్టి సరైన చోటే చూసినట్టున్నారు, సంతోషం. ఏ వస్తువుకైనా ఆ ప్లేటు మీదున్న ఇన్‌పుట్ అంకెనే లెక్కకు తీసుకోవాలి. డ్రయ్యర్ 2400 అంటే అది హీటర్ రకం. హీట్ పంప్ డ్రయ్యర్ అయితే సాధారణంగా వెయ్యి వాట్ల లోపే లాగుతుంది, ఆరడానికి టైమ్ ఎక్కువ పడుతుంది. ఎప్పుడైనా మార్చుకోవాల్సి వస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి, మీ సమస్యలో సగం అక్కడే తీరిపోతుంది.

మీ నాలుగింటినీ ఈ సూత్రంతో చూద్దాం. వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ కలిపితే 2350 వాట్లు, 10.2 ఆంప్స్, ఏ ఇబ్బందీ లేదు. డ్రయ్యర్, ఫ్రిజ్ కలిపితే 11.1 ఆంప్స్, అదీ సరే. వాషింగ్ మెషీన్, మైక్రోవేవ్ కలిస్తే 3450 వాట్లు, 15 ఆంప్స్. చూడ్డానికి కొంచెమే ఎక్కువ, ఫ్యూజు ఎప్పటికీ పోదు, అందుకే కూడదు. చల్లనీళ్లతో ఉతుకుతూ డ్రయ్యర్ నడిపితే? మోటారుకు 500 వేసుకున్నా 2400, 500, 150 కలిసి 3050, అంటే 13.3 ఆంప్స్. ఏమీ కాదని వాదించవచ్చు. నేనైతే నడపను, ఎందుకంటే డ్రయ్యర్ గంటకు పైగా ఆగకుండా తిరుగుతుంది. ఐదు నిమిషాల కెటిల్ వేరు, గంటల తరబడి నడిచేది వేరు. అమెరికా వైరింగ్ నియమావళిలో ఇందుకే ఒక మంచి కట్టుబాటు ఉంది: మూడు గంటలు లేదా అంతకు మించి ఆగకుండా నడిచే లోడు సర్క్యూట్ సామర్థ్యంలో 80 శాతం దాటకూడదు. అక్కడ 120 వోల్టుల, 15 ఆంప్స్ లైను మీద 1800 వాట్లు అనుకునేది నిజానికి 1440 వాట్లే అవుతుంది. ఏ దేశంలో ఉన్నా ఆ 80 శాతం అలవాటు మంచిదే. మీ 13 ఆంప్స్‌కు అది సుమారు 2400 వాట్లు. మీ డ్రయ్యర్ ఒక్కటే ఆ హద్దు మీద కూర్చుని ఉంది చూడండి.

ఫ్రిజ్ గురించి చిన్న మాట. దాని వల్ల లోడు పెద్దగా పెరగదు గానీ, దాన్ని ఈ కనెక్షన్ మీద పెట్టడమే నాకు నచ్చలేదు. మిగతావాటి వల్ల ఫ్యూజు పోతే ఫ్రిజ్ కూడా ఆగుతుంది, మీరు ఊళ్లో లేకపోతే వచ్చేసరికి లోపలిదంతా పాడైపోతుంది. వీలుంటే ఫ్రిజ్‌ను తక్కువ లోడు ఉండే వేరే లైనుకు మార్చండి.

ఇప్పుడు ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డు. నిజం చెప్పాలంటే మీ ఏర్పాటులో అన్నిటికంటే బలహీనమైన ముక్క అదే. నాలుగు సాకెట్లు ఉన్నాయంటే నాలుగు పదమూళ్లు కాదు. నాలుగింటికీ కలిపి ఆ ఒక్క తీగ, ఆ ఒక్క ప్లగ్గు మోయాలి. తీగ మీద అచ్చువేసిన సైజు చదవండి. 0.75 స్క్వేర్ ఎంఎం అయితే అది 6 ఆంప్స్ సరుకు, 1 స్క్వేర్ ఎంఎం అయితే 10, 1.25 అయితే 13, 1.5 అయితే 15, 16. ఏమీ అచ్చు లేకపోతే దాన్ని ఛార్జర్లకు వాడుకోండి, మెషీన్లకు వద్దు. ప్లగ్గులో కూడా 13 ఆంప్స్ ఫ్యూజు ఉండే రకమైతే, గోడలో ఒకటి, ప్లగ్గులో ఒకటి ఒకే సైజువి వరసగా ఉన్నట్టు. ఏది ముందు పోతుందనేది అదృష్టం, దాని వల్ల అదనపు రక్షణ ఏమీ రాదు. ఒక బోర్డు చివర ఇంకో బోర్డు తగిలించడం అసలే వద్దు, అతుకులు పెరిగేకొద్దీ వేడెక్కే చోట్లూ పెరుగుతాయి. చుట్టగా చుట్టి ఉండే రీలు రకమైతే వాడేటప్పుడు మొత్తం విప్పాలి. చుట్టలో ఉన్న తీగ వేడి బయటికి పోలేదు, అందుకే మంచి రీళ్ల మీద రెండు అంకెలు రాస్తారు, చుట్టి ఉంటే ఇంత, విప్పితే ఇంత అని. పైగా మీది నీళ్ల గది. మెషీన్ పైపు ఏదో ఒకరోజు కారకుండా ఉండదు, బోర్డు నేల మీద పడి ఉంటే నీళ్లు ముందు చేరేది దాని దగ్గరికే. బోర్డు వాడక తప్పని రోజుల్లో గోడకు ఎత్తుగా బిగించండి.

"మరి డబుల్ సాకెట్ బిగిస్తే?" అని అడుగుతారు. బోర్డు కంటే నయమే, అతుకులు తగ్గుతాయి. కానీ ఫ్యూజు కనెక్షన్ తర్వాత బిగించే డబుల్ సాకెట్ మొత్తానికి ఆ 13 ఆంప్సే. రెండు కన్నాలు ఉన్నంత మాత్రాన ఇరవయ్యారు రావు. ఫ్యూజుతో సంబంధం లేకుండా చూసినా, బ్రిటిష్ తరహా డబుల్ సాకెట్‌ను పరీక్షించేదే రెండింటికీ కలిపి 20 ఆంప్స్ లోడు మీద.

పెద్ద ఫ్యూజు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నేను పని నేర్చుకున్న కొత్తలో ఒక ఇంటికి వెళ్లాను. పింగాణీ ఫ్యూజు పట్టీ, తీగ మనమే వేసుకునే పాత రకం. తరచూ పోతోందని ఎవరో పెద్దమనిషి మామూలు వైరు చీల్చి అందులోంచి నాలుగు పోగులు మెలిపెట్టి బిగించాడు. రెండేళ్లు ఒక్కసారి కూడా పోలేదట, ఆయన్ను ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. నన్ను పిలిచింది గోడకు వేసిన రంగు ఒకచోట గోధుమరంగులోకి తిరుగుతోందని, సీలింగ్ నుంచి నీరు దిగుతోందేమో చూడమని. పైపు విప్పి వైరు లాగితే తొడుగు అప్పడంలా పొడిపొడి అయి చేతిలోకి వచ్చింది, లోపల రాగి బయటపడి ఉంది. ఫేజూ న్యూట్రలూ ఇంకొంచెం దగ్గరైతే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. అలాంటి పట్టీకి సరైన తీగ 5 ఆంప్స్‌కు 0.2 మిల్లీమీటర్ల మందం, 15 ఆంప్స్‌కు 0.5. ఈ రెండింటి తేడా కంటికి పెద్దగా కనిపించదు, అందుకే చేతికి దొరికిందల్లా వేసేస్తారు. ఆ పాత రకానికి ఓర్పు మరీ ఎక్కువ, రాసినదానికి దాదాపు రెట్టింపు పోతే గానీ తెగదు. మీ ఇంట్లో ఎక్కడైనా అవి మిగిలి ఉంటే ఎంసీబీలకు (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చులు) మార్చేయండి.

ఎంసీబీ వచ్చినా అంతా అయిపోయినట్టు కాదు, ఓర్పు కొంచెం తగ్గుతుంది, అంతే. ఇళ్లలో వాడే ఎంసీబీల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 16 ఆంప్స్‌ది 18 ఆంప్స్ దగ్గర గంటసేపు ట్రిప్ కాకూడదు, 23.2 దగ్గర గంటలోపు ట్రిప్ కావాలి. ఫ్యూజుతో పోలిస్తే బిగువు ఎక్కువే, కానీ మధ్యలో మాట్లాడని ఖాళీ దానికీ ఉంది. బి, సి, డి అని రకాలు ఉంటాయి. అవి లోడు గురించి కాదు, ఒక్కసారిగా వచ్చే కరెంటుకు ఎంత త్వరగా స్పందిస్తాయన్నదాని గురించి: బి రకం 3 నుంచి 5 రెట్లకు, సి రకం 5 నుంచి 10 రెట్లకు క్షణంలో పడిపోతాయి. మోటార్లు ఉన్న లైనుకు సి పెడుతుంటారు.

ఆర్‌సీసీబీ ఉంది కదా, అది చూసుకుంటుందిలే అని కొందరు అంటారు. అది చూసుకునేది వేరే పని. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని చూస్తుంది, 30 మిల్లీ ఆంప్స్ తేడా వస్తే కట్ చేస్తుంది, షాక్ నుంచి మనిషిని కాపాడుతుంది. లోడు 40 ఆంప్స్ అయినా, వెళ్లింది వెళ్లినట్టు తిరిగొస్తుంటే అది కిమ్మనదు. నీళ్ల గదికి అది తప్పనిసరిగా ఉండాలి, అయితే ఫ్యూజుకు బదులుగా కాదు, తోడుగా. ఇక్కడ ఒక చిన్న తలనొప్పి కూడా వస్తుంది. వాషింగ్ మెషీన్, డ్రయ్యర్, మైక్రోవేవ్ లాంటివాటి లోపల కరెంటులోని నాయిస్‌ను తగ్గించే ఫిల్టర్లు ఉంటాయి, వాటి నుంచి ఎర్త్‌లోకి ఒకటి రెండు మిల్లీ ఆంప్స్ సహజంగానే లీకవుతుంది. 30 అని రాసిన ఆర్‌సీసీబీ 15 దాటిన దగ్గర్నుంచి ఎప్పుడైనా పడిపోవచ్చు. ఇంట్లో అన్ని మెషీన్లూ ఒకే ఆర్‌సీసీబీ కింద ఉంటే ఈ చిల్లర లీకులన్నీ కూడి, ఏ తప్పూ లేకుండానే అది పడుతుంటుంది. విసిగిపోయి దాన్ని పక్కకు తప్పించి డైరెక్ట్ చేసుకున్న ఇళ్లు చూశాను. అలా చేయకండి, లైన్లు విడదీయండి.

మీ అంకెలు నిజమా కాదా మీరే చూసుకోవడానికి ఒక చిట్కా. డిజిటల్ కరెంటు మీటరు మీద ఎర్రటి చిన్న లైటు మిణుకుతూ ఉంటుంది, పక్కన యూనిట్‌కు 3200 అనో 1600 అనో పల్సుల సంఖ్య రాసి ఉంటుంది. ఇంట్లో మిగతావన్నీ ఆపి, పరీక్షించాల్సిన మెషీన్ ఒక్కటే నడుపుతూ 36 సెకన్లలో ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను లక్షతో గుణించి, మీటరు మీద రాసిన సంఖ్యతో భాగిస్తే వాట్లు వస్తాయి. 3200 మీటరు మీద 32 సార్లు మిణికితే వెయ్యి వాట్లు. వాషింగ్ మెషీన్ మొదలైన ఐదు నిమిషాలకు ఒకసారి, నలభై నిమిషాలకు ఒకసారి చూడండి, హీటర్ ఎంత తింటోందో కళ్లకు కడుతుంది. క్లాంప్ మీటరు (వైరు విప్పకుండానే కరెంటు కొలిచేది) ఉన్న ఎలక్ట్రీషియన్ వస్తే ఇంకా తేలిక.

శాశ్వతంగా చేయాల్సింది డ్రయ్యర్‌కు మెయిన్ బోర్డు నుంచి సొంత లైను. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి తగ్గ ఎర్త్, 16 ఆంప్స్ ఎంసీబీ. ఇలాంటి లోడుకు అది హాయిగా సరిపోతుంది. వైరు చాలా దూరం వెళ్లాల్సి వస్తే, లేదా వేడిగా ఉండే అటక మీదుగా, ఒకే పైపులో ఇతర వైర్లతో కలిసి పోవాల్సి వస్తే సైజు పెంచమని ఎలక్ట్రీషియనే చెప్పాలి. చెప్పకపోతే మీరు అడగండి. చుట్టూ వేడి 30 డిగ్రీల నుంచి 40కి పెరిగితేనే పీవీసీ వైరు మోయగలిగేది 13 శాతం తగ్గుతుంది. ఆయన్ను ఇంకొకటి కూడా అడగండి: ఇప్పుడున్న ఫ్యూజు కనెక్షన్ వెనక వైరు ఏ సైజు, అది ఏ లైను నుంచి వచ్చింది? ఒకవేళ అది లైట్ల లైను నుంచి లాగిన 1 స్క్వేర్ ఎంఎం అని తేలితే, నేను పైన "సరే" అన్న వాషింగ్ మెషీన్ కూడా అక్కడ సరే కాదు. మైక్రోవేవ్‌ను వంటింటి సాకెట్‌కు మార్చేయండి, దానికి ఆ గదిలో పనేముంది.

కొత్త లైను వచ్చేదాకా ఉతకడం అయ్యాకే డ్రయ్యర్ ఆన్ చేయండి, ఆ గదిలో మైక్రోవేవ్ ప్లగ్గు పీకి పెట్టండి. మనుషులు నిద్రపోయాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ రెండు మెషీన్లూ టైమర్ పెట్టి నడపకండి.

ఈ రోజే చేయాల్సింది ఒకటుంది. డ్రయ్యర్ ఒక్కటే అరగంట నడిపాక ప్లగ్గు మీద, గోడ కనెక్షన్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపేయండి. తర్వాత మెయిన్ ఆపి, ప్లగ్గు బయటికి తీసి పిన్నుల రంగు చూడండి. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, పిన్ను నల్లబడి నీలి ఛాయ వచ్చినా, కుళ్లిన చేపలాంటి వాసన వచ్చినా ఆ సాకెట్, ఆ ప్లగ్గు రెండూ మార్చాల్సిందే. ఒక్కటే మారిస్తే పాడైనది కొత్తదాన్ని కూడా నెలలో పాడు చేస్తుంది. ఫ్యూజు తీసి దాని రెండు చివర్లూ, క్లిప్పులూ కూడా చూడండి, మెరుపు పోయి మసిబారి ఉంటే ఆ కనెక్షన్ మొత్తం మార్పించండి. ఏం కనిపించిందో ఇక్కడ రాయండి, వైరు సైజు కూడా తెలిస్తే మిగతాది అప్పుడు చూద్దాం.